బాధను చెప్పుకొనుటయు చికిత్సయే

క్యాన్సరు అను మాట చెవిని పడగానే మన జనులు మొదట అడుగు ప్రశ్న "బ్రతుకునా, బ్రతుకడా?" అనునది. ఆ ప్రశ్న సహజమైనదే. కాని రోగి ఆసుపత్రినుండి ఇల్లు చేరిన పిమ్మట, రాత్రి నిద్రపట్టక ప్రక్కపై దొర్లునపుడు, అతనిని వేధించు ప్రశ్నలు వేరుగా నుండును. నోటి పుండ్ల మంటచే ముద్ద మింగుడుపడకున్న ఏమి తినవలెను? కాళ్ళు పీకుచు, లేచి నిలుచుటకైనను ఓపిక లేకున్న పడుకొనియుండవలెనా, నడువవలెనా? నొప్పికి ఇచ్చిన మాత్ర అలవాటై పోవునేమో? మరల పనికి పోగలనా? ఇవి చిన్న ప్రశ్నలవలె కన్పట్టును. పెద్ద డాక్టరుగారిని అడుగుటకు రోగి జంకును. ఇంటివారికి సమాధానము తెలియదు. తెలియనందున బాధ పెరుగును. పెరిగిన బాధ ఒక్కొక్కప్పుడు చికిత్సనే నడుమ నిలిపివేయును.

ఈ ప్రశ్నలను రోగి అడుగక మునుపే తానై అడిగి, విని, ఉపాయము చెప్పి, ఆ ఉపాయము ఫలించినదో లేదో మరల విచారించు బాధ్యతను శిక్షణ పొందిన నర్సు వహించుటయే ఈ వ్యాసమునకు విషయము. దీనిని కౌన్సెలింగు అని వ్యవహరించుచున్నారు. ఇది కేవలము ఓదార్పు కాదు. ఓదార్పుతో మొదలై, కొలతతోను ఉపాయముతోను సాగు వైద్యసేవ ఇది.

పునరావాసము ఎప్పుడు మొదలగును?

అంతర్జాతీయ అంచనాల ప్రకారము 2022వ సంవత్సరమున భారతదేశములో సుమారు 14 లక్షలమందికి క్రొత్తగా క్యాన్సరు కనుగొనబడినది. మన దేశపు పురుషులలో అన్నింటికంటె ఎక్కువగా కన్పట్టునది నోటి క్యాన్సరు. స్త్రీలలో రొమ్ము క్యాన్సరు. శస్త్రచికిత్స, కిరణచికిత్స, మందులు అను మూడు మార్గములలో నేడు ఈ వ్యాధిని ఎదుర్కొనుచున్నారు. కిరణచికిత్సను మన పల్లెజనము "కరెంటు పెట్టుట" అందురు. ఈ మూడును వ్యాధిని దెబ్బతీయుటతో బాటు, కొంతకాలము శరీరమునుకూడ అలసటపాలు చేయును.

చికిత్స నడుచుచుండగను, ముగిసిన పిదపను, రోగి తన శక్తిని, తన పనిని, తన సంసారబాధ్యతను తిరిగి చేపట్టుటకు జరుగు ప్రయత్నమంతటికిని పునరావాసమని పేరు. ఇది చికిత్స ముగిసిన మరునాడు ఆరంభించునది కాదు. వ్యాధినిర్ణయము జరిగిన దినముననే ఆరంభింపవలసినది. ఈ ప్రయత్నమునకు అడుగడుగున అడ్డుపడునవి వ్యాధిలక్షణములు, మందుల ప్రభావములు: నొప్పి, అలసట, వికారము, నోటిపూత, మలబద్ధము, నిద్రలేమి, తిమ్మిరి, దిగులు. వీనిలో పెక్కింటిని పూర్తిగా తొలగింపలేకున్నను, ఓర్చుకొనదగిన స్థితికి దించవచ్చును. అయితే అందుకు ముందుగా జరుగవలసినది ఒక్కటే: ఆ బాధ ఎవరో ఒకరి చెవిని పడవలెను.

లింబాయత్ నేతవారు

గుజరాత్ రాష్ట్రమందలి సూరత్ నగరములో లింబాయత్ శ్రమజీవుల పేట. ఉధనా రైల్వే జంక్షనుకు సమీపముననున్న ఈ ప్రాంతములో మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, గుజరాతీ భాషల నడుమ తెలుగుకూడ వినవచ్చును. వరంగల్లు, కరీంనగరము, నల్లగొండ ప్రాంతములనుండి ఎన్నో నేతకుటుంబములు, ముఖ్యముగా పద్మశాలీలు, బ్రతుకుతెరువుకై షోలాపూరుకు, భివండీకి, సూరత్‌కు తరలివచ్చిరి. చేతిమగ్గము నేర్చిన వంశములవారు ఇక్కడ మరమగ్గములపై కృత్రిమపు నూలు చీరబట్ట నేయుచున్నారు. స్త్రీలలో అనేకులు ఇంటివద్దనే చీరల దారములు కత్తిరించుట, రాళ్ళు, టిక్కీలు అంటించుట వంటి పనులు చేసి సంసారమునకు తోడ్పడుచున్నారు. సూరత్ నగరపాలక సంస్థ నడుపు ప్రాథమిక పాఠశాలలలో తెలుగు మాధ్యమముకూడ ఉండుట ఈ జనసంఖ్యకు నిదర్శనము.

మరమగ్గముల షెడ్డులో పన్నెండు గంటల పాళీ సాధారణము. యంత్రముల రొద చెవులు దిబ్బడవేయును. పాళీ తప్పిన కూలి తప్పును. నిద్రను ఆపుకొనుటకు, ఆకలిని మరచుటకు కొందరు గుట్కా, పొగాకు, వక్కపొడి దవడను పెట్టుకొనుట అలవాటు చేసికొనిరి. గుజరాత్ రాష్ట్రములో గుట్కాను 2012లో నిషేధించిరి. అయినను పొగాకు, వక్క విడివిడిగా కొని కలుపుకొను దురభ్యాసము తొలగిపోలేదు. పొగాకు లేకున్నను వక్క ఒక్కటియే క్యాన్సరును కలిగింపగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగము 2004లో ప్రకటించినది.

ఇట్టి పేటలో క్యాన్సరు వచ్చిన కుటుంబమునకు మూడు భయములు ఒక్కసారిగా చుట్టుకొనును. ప్రాణభయము మొదటిది. కూలి పోవునను భయము రెండవది. మూడవది అంతగా గుర్తింపబడనిది. అది భాషకు సంబంధించిన భయము.

"జర కమ్జోరీ"

సూరత్ ఆసుపత్రులలో నర్సులు గుజరాతీలోను, హిందీలోను మాటాడుదురు. ఏండ్ల తరబడి అక్కడ నివసించిన తెలుగు కార్మికునకు బజారు హిందీ చక్కగా వచ్చును. నూలు బేరమునకు, జీతపు లెక్కకు, రైలు టిక్కెట్టుకు అది చాలును. కాని శరీరపు బాధను చెప్పుటకు బజారుభాష చాలదు. బాధ తల్లిభాషలోనే పుట్టును.

తెలంగాణపు ఇల్లాలు "కడుపుల దేవుతున్నది" అన్నచో అది వాంతి కాదు, వాంతి వచ్చునట్లుండు వికారము. "పాణం సల్లబడ్తున్నది" అన్న దానిలో నీరసముండవచ్చును, భయముండవచ్చును, రక్తపు పోటు పడిపోవుటయు ఉండవచ్చును. "తిమ్మిర్లు" వేరు, "గుంజుడు" వేరు, "సలుపు" వేరు. వీని నన్నింటిని హిందీలోనికి మార్చుకొను ఓపిక లేని రోగి చివరకు ఒక్క మాటతో ముగించును: "జర కమ్జోరీ." కొంచెము నీరసము! ఆ ఒక్క మాటలో నాలుగు దినములుగా అన్నము తినకపోవుట ఇమిడియుండవచ్చును. రక్తహీనత దాగియుండవచ్చును. రాత్రులు కన్ను మూయనీయని నొప్పి ఉండవచ్చును. బ్రతుకుపై విరక్తికూడ ఉండవచ్చును. ఈ నాలుగింటికి చికిత్సలు నాలుగు. మాట ఒక్కటే అయినపుడు చికిత్స దారితప్పును.

కొన్ని కుటుంబములలో బడికి పోవు పిల్లవాడు దుబాసీగా నిలుచును. అతడు హిందీ, గుజరాతీ, తెలుగు మూడును ఎరిగినవాడు. కాని తల్లి రొమ్ముపై గాయమును గూర్చి, తండ్రి మలబద్ధమును గూర్చి, మరణభయమును గూర్చి పదేండ్ల బాలునిచేత చెప్పించుట న్యాయము కాదు. తల్లి అతని యెదుట నిజము చెప్పదు. చెప్పినను అతడు సగము మ్రింగివేయును. అంతటి బరువును ఆ పసిహృదయము మోయలేదు. కనుక దుబాసీ అవసరమైనచోట పెద్దవారినే, వీలైన స్త్రీకి స్త్రీనే, ఏర్పాటు చేసికొనవలెను.

నర్సు చేయు పని ఏది?

రోగిని జాగ్రత్తగా గమనించుట నర్సు విద్యకు పునాది అని ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో ప్రచురించిన తన నర్సింగు గ్రంథములో వివరించినది. రోగికి ఊరక ధైర్యపు మాటలు వల్లించి పోవుట అతనికి మేలు చేయదనికూడ ఆమె హెచ్చరించినది. లండను నగరములో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ ఆశ్రమమును నెలకొల్పిన సిసిలీ సాండర్స్ మొదట నర్సుగా పనిచేసి, పిదప వైద్యవిద్య నభ్యసించినది. క్యాన్సరు రోగి నొప్పి శరీరమునకు మాత్రమే చెందినది కాదనియు, మనస్సు, కుటుంబము, విశ్వాసము అన్నియు అందులో చేరియుండుననియు ఆమె చాటినది. భారతదేశములో 1986లో ముంబయిలో శాంతి అవేదన సదనమును, 1993లో కోళిక్కోడులో ఉపశమన సేవాసంఘమును స్థాపించిరి. కేరళలో నర్సులు రోగుల ఇండ్లకే పోయి సేవ చేయు పద్ధతి వర్ధిల్లినది.

నేటి పద్ధతిలో నర్సు చేయు పనిని నాలుగు మెట్లుగా చెప్పవచ్చును.

మొదటిది అడుగుట. "బాగున్నావా?" అని అడిగిన "బాగున్న" అనియే రోగి చెప్పును. అందుచే నర్సు ఒక్కొక్క లక్షణమును పేరుపెట్టి అడుగును: నొప్పి, అలసట, వికారము, ఆకలి, నిద్ర, ఆయాసము, దిగులు, ఆందోళన. కెనడా దేశమందలి ఎడ్మంటన్ నగరములో 1991లో రూపొందిన పట్టిక ఈ పద్ధతినే అనుసరించును.

రెండవది కొలుచుట. సున్న నుండి పది వరకు అంకెలలో, బాధ ఏమాత్రము లేకున్న సున్న, ఊహింపగల అతి తీవ్రబాధకు పది. చదువు రానివారికి రూపాయి లెక్కతో చెప్పవచ్చును: "అణామాత్రమా, ఎనిమిదణాలా, రూపాయి నిండుగానా?" అన్న పెద్దవారు వెంటనే చెప్పగలరు. నిన్న ఎనిమిది, నేడు నాలుగు అయినచో మందు పనిచేసినట్లు తెలియును.

మూడవది నేర్పుట. మందు ఎప్పుడు వేసికొనవలెను, ఏమి తినవలెను, ఏ సంకేతము కన్పట్టిన ఆసుపత్రికి పరుగెత్తవలెను అను విషయములను రోగికిని, ఇంటివారికిని చెప్పి, వారిచేత తిరిగి చెప్పించుకొనును. వినినవారు తమ మాటలలో చెప్పగలిగిననే అర్థమైనట్లు లెక్క.

నాలుగవది మరల విచారించుట. రెండు మూడు దినములకు టెలిఫోను చేసి, ఉపాయము ఫలించినదా అని అడుగును. ఫలింపకున్న డాక్టరునకు తెలుపును. నలుగురు మరచు మెట్టు ఇదియే, ప్రాణాధారమైనదియు ఇదియే.

మందులను నిర్ణయించుట, మోతాదు మార్చుట డాక్టరు పని. నర్సు ఆ పనిని తాను చేయదు. డాక్టరునకు సకాలమున నిజమైన వార్త చేరవేయుటలోనే ఆమె గొప్పతనము కలదు.

పరిశోధనలు చెప్పినది

ఈ సేవవలన నిజముగా లాభము కలదా అను సందేహము కలుగుట సహజము. అమెరికాలో ముదిరిన క్యాన్సరు గల 322 మంది రోగులపై జరిగిన పరిశోధన ఫలితములు 2009లో వెలువడినవి. అందులో శిక్షణ పొందిన నర్సులు టెలిఫోను ద్వారా పాఠములు చెప్పి, పిదప నెలనెల విచారించిరి. అట్టి సేవ పొందినవారి జీవనస్థితియు, మనస్థైర్యమును తక్కినవారికంటె మెరుగుగా నుండెను. అయితే లక్షణముల తీవ్రతలో గాని, ఆసుపత్రిలో గడపిన దినములలో గాని చెప్పుకొనదగిన తేడా కానరాలేదు. మాట ఒక్కటియే అన్ని బాధలను దించలేదనుట ఇందువలన స్పష్టము. మాట వెంట మందు, మందు వెంట విచారణ నడువవలెను.

న్యూయార్కు నగరమందలి మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో 766 మంది రోగులపై జరిగిన మరియొక పరిశోధన 2017లో దీనినే ధ్రువపరచినది. రోగులు తమ లక్షణములను ఎప్పటికప్పుడు కంప్యూటరు ద్వారా తెలుపగా, బాధ ముదిరినపుడు నర్సులకు హెచ్చరిక అందెడిది. అట్లు తెలిపినవారి మధ్యస్థ జీవితకాలము 31.2 నెలలు, సాధారణ పద్ధతిలో చికిత్స పొందినవారికి 26 నెలలు. బాధను సకాలమున చెప్పుట, సకాలమున వినుట ఈ తేడాకు తోడ్పడియుండవచ్చును.

ఒక ఉదాహరణము

ఇప్పుడొక కుటుంబమును ఊహించుకొందము. లింబాయత్‌లో మరమగ్గముపై పనిచేయు నలుబదియైదేండ్ల నేతకార్మికుడు. ఎడమ దవడలో క్యాన్సరు వచ్చి శస్త్రచికిత్స జరిగినది. పిదప వారమునకు ఐదు దినముల చొప్పున ఆరు వారములు కరెంటు పెట్టించుకొనవలెనని డాక్టర్లు నిర్ణయించిరి. మూడవ వారములో రెండు దినములు అతడు ఆసుపత్రికి పోలేదు. మూడవ దినమున వచ్చినపుడు నర్సు హిందీలో క్షేమమడిగినది. "ఏం లేదు సిస్టర్, జర కమ్జోరీ, గంతే" అనెను.

ప్రక్కననున్న భార్యకు హిందీ అంతగా రాదు. నర్సు ఆమెతో వచ్చిన పొరుగింటి పెద్దామెను దగ్గరకు పిలిచి, భార్యనే అడుగుమన్నది.

"ఏం లేదంటడు గని అక్కా, మూడొద్దుల సంది బుక్కెడు మెతుకు ముట్టలే. మంచినీళ్ళు తాగినా మంటే అంటడు. రాత్రంత గోడకు ఒరిగి కూసోనే ఉంటడు. సిస్టరమ్మకు గిట్ల చెప్పు."

నర్సు నోరు తెరిపించి చూచినది. నోరంతయు పూసియున్నది. తూకము వేయగా ముందటి వారముకంటె తగ్గియున్నది. నొప్పి అంకె ఎనిమిది. ఆమె వెంటనే డాక్టరునకు తెలిపినది. భోజనమునకు ముందు వేసికొనుటకు నొప్పిమందు, నోటి పుండ్లకు మందు వ్రాయబడినవి. పుక్కిలించు విధమును, మెత్తని ఆహారమును నర్సు బోధించినది. మింగుట ఇంకను కష్టమైనచో ముక్కుగుండ సన్నని గొట్టము వేసి ఆహారమందింపవచ్చుననియు, అది తాత్కాలికమే కాని అంత్యదశకు గుర్తు కాదనియు ధైర్యము చెప్పినది. రెండవ దినమున ఫోను చేసినది. నొప్పి నాలుగునకు దిగినది. అతడు మరల కరెంటుకు రాసాగెను.

ఆ రెండు దినముల విలువ ఎంతటిదో రోగికి తెలియకపోవచ్చును. తల, మెడ భాగముల క్యాన్సరులో కిరణచికిత్స అనుకొన్న గడువుకంటె ఒక్కొక్క దినము పొడిగిన కొలదిని, వ్యాధి అదుపులోనికి వచ్చు అవకాశము సుమారు నూటికి ఒక వంతు చొప్పున తగ్గునని పరిశోధకుల అంచనా. నోటిపూతను ఓర్చుకొని ఇంటనుండుట సహనమని అతడు తలచెను. నిజమునకు అది చికిత్సకు గండికొట్టుట. వానకాలమున మీఠీఖాడీ పొంగి త్రోవలు మునిగినపుడును, ఇట్లే దినములు తప్పు ప్రమాదము కలదు. అట్టి దినమున నర్సుకు ఫోను చేసి చెప్పినచో, తప్పిన దినమునకు బదులు ఏర్పాటు చేయుమార్గమును డాక్టర్లు ఆలోచింపగలరు.

ఇంటివద్ద పాటింపదగినవి

నోటిపూతకు: లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఒక చిన్న చెంచాడు ఉప్పు, ఒక చిన్న చెంచాడు వంటసోడా కలిపి, దినమునకు పలుమారులు మెల్లగా పుక్కిలించి ఉమ్మవలెను. మెత్తని కుచ్చుగల బ్రష్షు వాడవలెను. కారము, పులుపు, మిక్కిలి వేడి పదార్థములు మానవలెను. పలుచని గట్క, పెసరకట్టు, పెరుగన్నము, మెత్తగా ఉడికిన గ్రుడ్డు, పాలు కొంచెము కొంచెముగా మాటిమాటికి ఇయ్యవలెను. పథ్యమను పేరున పాలు, గ్రుడ్డు, పప్పు మాన్పించుట రోగిని మరింత క్రుంగదీయును.

నోరు తెరుచుకొనకుండుటకు: దవడ క్యాన్సరు చికిత్స పిదప కండరములు బిగిసి, నోరు క్రమముగా మూసికొనిపోవుట కలదు. మూడు వ్రేళ్ళు నిలువుగా పండ్ల నడుమ పట్టకున్న నర్సుకు తెలుపవలెను. ఐస్‌క్రీము పుల్లలను ఒకదానిపై నొకటి పేర్చి, పండ్ల నడుమ నుంచి, వారమునకొకటి చొప్పున పెంచుచు సాధన చేయు పద్ధతి కలదు. నర్సు లేక వ్యాయామ చికిత్సకుడు చూపిన పిదపనే దీనిని ఆరంభింపవలెను. ఆరంభించిన పిదప మానరాదు.

అలసటకు: క్యాన్సరు అలసట నిద్రించినంత మాత్రమున తీరదు. దినమంతయు పడుకొనుటవలన అది తగ్గక హెచ్చును. రక్తహీనతవంటి కారణములున్నవో లేవో డాక్టరు చూచిన పిదప, వారమునకు మూడు దినములైన అరగంట నడుచుట మేలని 2019లో అంతర్జాతీయ వ్యాయామ నిపుణుల సమావేశము సూచించినది. ఒకేసారి అరగంట నడువలేనివారు పది నిమిషముల చొప్పున మూడుమారులు నడువవచ్చును. ఉదయము షెడ్డుల రొద, సందుల రద్దీ ముదురక పూర్వము నడక అనుకూలము.

తిమ్మిరికి: కొన్ని కీమో మందులవలన వ్రేళ్ళు మొద్దుబారును. తెగిన పోగును వ్రేళ్ళ స్పర్శతో ముడివేయు నేతవానికి ఇది జీవనోపాధి ప్రశ్న. నడుచుచున్న యంత్రముల నడుమ ఇది ప్రమాదముకూడ. తరువాతి మందు ఎక్కించుటకు ముందే ఈ సంగతి చెప్పినచో, డాక్టరు మోతాదును గూర్చి యోచింపగలరు. ఆలస్యమైన స్పర్శ తిరిగివచ్చుట కష్టము కావచ్చును.

చేతివాపునకు: రొమ్ము శస్త్రచికిత్సలో చంకలోని గ్రంథులు తీసినచో, ఆ ప్రక్క చేయి నీరుపట్టవచ్చును. ఉంగరము బిగియుట, రవిక చేయి పట్టుట, చేయి బరువెక్కుట తొలి గుర్తులు. ఇంట కూర్చుండి చీరలకు టిక్కీలు అంటించు స్త్రీ గంటల తరబడి ఒకే భంగిమలో నుండక, నడుమ నడుమ లేచి, నేర్పిన భుజవ్యాయామము చేయవలెను. ఆ చేతికి సూదిపోట్లు, కాలిన గాయములు తగులకుండ చూచుకొనవలెను. చేయి ఎఱ్ఱబడి జ్వరము వచ్చిన వెంటనే చూపించుకొనవలెను.

నొప్పిమందు విషయమున: నొప్పి తీవ్రతను బట్టి మెట్టుమెట్టుగా మందులిచ్చు పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో ప్రకటించినది. తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ ఉత్తమమైన మందులలో ఒకటి. దీని లభ్యతను సులభము చేయుటకై భారతదేశములో 2014లో చట్టమును సవరించిరి. డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పిన వేళకు వేసికొను రోగి వ్యసనపరుడగునను భయము వలదు. మార్ఫిన్‌తో మలబద్ధము తప్పక కలుగును గనుక విరేచనపు మందును తోడుగానే అడిగి తీసికొనవలెను. మందును తాళమువేసి దాచవలెను; ఇతరుల కియ్యరాదు.

జ్వరము విషయమున: కీమో పొందుచున్న రోగికి 38 సెంటీగ్రేడు డిగ్రీలు, అనగా 100.4 ఫారన్‌హీటు డిగ్రీలు, లేక అంతకు మించి జ్వరము వచ్చినచో తెల్లవారువరకు ఆగరాదు. ఇంటిమందు వేయరాదు. వెంటనే ఆసుపత్రికి పోవలెను. రక్తములోని తెల్లకణములు తగ్గినపుడు సామాన్యపు జ్వరమే కొన్ని గంటలలో ప్రాణాపాయము కావచ్చును.

దిగులు విషయమున

మగవాడు కంటతడి పెట్టరాదను నియమము మన కుటుంబములలో బలముగా నున్నది. మగ్గము ఆగిన దినమునుండి తాను ఇంటికి భారమైతినని నేతకార్మికుడు లోలోన కుమిలిపోవును. స్త్రీ తన రూపము చెడినదని, భర్త చూపు మారినదని బాధపడును. ఆ మాట ఎవరితోను అనలేదు. నర్సు ఈ విషయములను మెల్లగా కదపవలెను. నిద్రలేమి, తిండిపై అయిష్టము, "ఇగ ఎందుకు" అను మాట పదేపదే వినవచ్చుట దిగులుకు గుర్తులు. చనిపోవలెనను తలంపు కలదా అని సూటిగా అడుగుటవలన ఆ తలంపు క్రొత్తగా పుట్టదు. బరువు దిగును, సహాయమునకు దారి దొరకును. కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో ఆరంభించిన టెలీ మానస్ సేవకు 14416 అను నంబరున ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటాడవచ్చును.

నోటి క్యాన్సరు చికిత్స పిదపకూడ పొగాకు, వక్క మానకున్న వ్యాధి మరల వచ్చు ప్రమాదము హెచ్చును. మానలేకపోవుట బలహీనతగా నెంచి తిట్టుటవలన ప్రయోజనము లేదు. నర్సు దీనినికూడ ఒక లక్షణముగానే పరిగణించి, ఎప్పుడు తలపునకు వచ్చును, పాళీలో ఏ గంటకు చేయి జేబులోనికి పోవును అని విచారించి ఉపాయము చెప్పవలెను. పొగాకు మాన్పించు జాతీయ ఉచిత టెలిఫోను సేవ నంబరు 1800-112-356.

తోడ్పడు ఏర్పాట్లు

సూరత్‌లో రాష్ట్రప్రభుత్వపు న్యూ సివిల్ ఆసుపత్రి, నగరపాలక సంస్థ నడుపు స్మిమేర్ ఆసుపత్రి ప్రజలకు అందుబాటులో నున్నవి. ప్రత్యేక చికిత్సకై కొందరు 1941లో స్థాపితమైన ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రికి, మరికొందరు అహమ్మదాబాదులోని గుజరాత్ క్యాన్సరు పరిశోధన సంస్థకు, ఇంకను కొందరు స్వస్థలమునకు చేరువయని హైదరాబాదులోని ఎం.ఎన్.జె. సంస్థకు పోవుచుందురు. 2018 సెప్టెంబరులో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన క్రింద అర్హత గల కుటుంబము సంవత్సరమునకు 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స పొందవచ్చును. ఒక రాష్ట్రమున నమోదైన కుటుంబము మరియొక రాష్ట్రమందలి గుర్తింపు పొందిన ఆసుపత్రిలో సైతము ఈ సౌకర్యమును వాడుకొనవచ్చును. వలసవచ్చిన వారికిది ముఖ్యమైన సంగతి. చికిత్సకై ప్రయాణించు క్యాన్సరు రోగికి, సహాయకునకు రైల్వే చార్జీలలో రాయితీ కలదు.

ఊరు మారినపుడెల్ల రోగితోబాటు కాగితములుకూడ మారవలెను. వ్యాధి పేరు, జరిగిన చికిత్స, మందుల పట్టిక, వారము వారము నొప్పి అంకె, తూకము వ్రాసిన ఒక నోటుపుస్తకము రోగి సంచిలో సదా ఉండవలెను. ఆ పుస్తకము చూచిన నర్సు, భాష ఏదైనను, మొదటినుండి అడుగనవసరము లేకుండ పని ఆరంభింపగలదు. ఆసుపత్రివారుకూడ లింబాయత్ వంటి పేటలనుండి వచ్చువారికై తెలుగు లక్షణపు మాటలను గుజరాతీ లిపిలో వ్రాసి గోడకు తగిలించినచో, ఖర్చు స్వల్పము, మేలు అధికము. తెలుగు చదువుకొన్న యువతులు నర్సింగు విద్యలో చేరుట అంతకంటె గొప్ప మేలు.

పనికి తిరిగి పోవుట విషయమునను తొందరపాటు కూడదు, నిరాశయు కూడదు. మెడ శస్త్రచికిత్స అయినవానికి భుజము బలహీనపడియుండవచ్చును. రాత్రి పాళీ మాని పగటి పాళీ, బరువైన బీము మోయుట మాని గుడ్డ సరిచూచు పని, పూర్తి పాళీకి బదులు సగము పాళీ - ఇట్టి మార్గములను యజమానితో మాటాడునపుడు డాక్టరు వ్రాసి యిచ్చిన కాగితము తోడ్పడును.

ఓర్పు గొప్ప గుణము. మన పెద్దలు దానిని మెచ్చుకొనిరి. కాని తీర్పదగిన బాధను దాచుట ఓర్పు కాదు. మగ్గముపై ఒక పోగు తెగినపుడు నేతవాడు దానిని చూడనట్లు సాగిపోడు. వెంటనే యంత్రమాపి ముడివేయును. లేకున్న బట్టంతయు చెడునని అతడెరుగును. శరీర విషయమునను ఆ జాగ్రత్తయే వలయును. ఈ దినమున ఏ బాధ క్రొత్తగా కలిగినదో, ఏది హెచ్చినదో, తనకు వచ్చిన మాటలలోనే, తన భాషలోనే, రోగి నర్సుకు చెప్పవలెను. ఆమె వినుటకే అక్కడ నున్నది.